ఎర్ర గుడ్డల తాడు

బిలాస్‌పూర్,
2 అక్టోబర్ 2024

మావయ్యా,

నీ ఆరోగ్యం ఎలా ఉందని అడగను. అడిగితే ఈసారి కూడా రెండు పేజీలు మోకాళ్ల గురించే రాస్తావు. నా మోకాలి గురించి నేనూ రాయను. ఈ ఒప్పందం మీదే ఉత్తరం మొదలుపెడుతున్నాను.

ఫోన్లో చెప్పాల్సిన కబురు ఇది. బోటు ఇంజను నీ చెవులు తినేసింది కాబట్టి ఐదు రూపాయల కవరుకి ఎక్కించాల్సి వస్తోంది. వీడియో కాల్ చేస్తే నీ ముక్కుపుటాలు తప్ప ఇంకేమీ కనపడవు. అయినా హాస్టల్ రోజుల నుంచి మనకి ఉత్తరాలే అలవాటు కదా.

మన బడి హెడ్మిస్ట్రెస్ సాయిదివ్య గారు ఫోన్ చేశారు. డిసెంబర్ ఇరవై ఒకటిన స్పోర్ట్స్ డేకి నన్ను ముఖ్య అతిథిగా రమ్మన్నారు. ఎందుకో తెలుసా? తొంభై ఆరులో ఆ గ్రౌండులో నేను పరిగెత్తిన వంద మీటర్ల హర్డిల్స్ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదట. పదిహేను సెకన్ల రెండు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, ఈ నాలుగు ఊళ్ల బడిపిల్లల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా ఎవరూ దాన్ని దాటలేదట. ఆవిడ ఆ మాట చెబుతుంటే ప్లాట్‌ఫారం మీద టికెట్ తనిఖీలో ఉన్నాను. టికెట్ లేని ఒకాయన్ని ఆ సంతోషంలో ఊరికే వదిలేశాను.

నాలుగుసార్లు జాతీయ ఛాంపియన్ని. ఆసియా పోటీల్లో కంచు తెచ్చాను. ఆ పతకాలన్నీ మా క్వార్టర్లో బీరువా మీద ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. మీ అల్లుడు భాస్కరరావు ఆ పెట్టె మీద ఇస్త్రీ బట్టలు పెడతాడు, నేనేమీ అనను. కానీ ఆ యానాం పరుగు వేరు. దాన్ని ఏ పెట్టె కిందా పెట్టలేదు.

తుఫాను వెళ్లి నెల కూడా కాలేదు. బడి ప్రహరీ సగం కూలి ఉంది. నువ్వు తెల్లారకుండానే వచ్చి నీ జనపతాడు గ్రౌండు మీద పరిచావు. ఆరోగ్యమ్మత్త పాత చీర చింపి దానికి కట్టిన పది ఎర్ర గుడ్డలు, గుడ్డ గుడ్డకీ ఒక సున్నపు గీత, గీత గీతకీ సరుగుడు కర్రలతో నువ్వే చేసిన హర్డిల్. ఉమామహేశ్వరం మాస్టారు ఈల పట్టుకుని తిరుగుతున్నారు. తర్వాత ఎన్ని దేశాల్లో ఎన్ని ఖరీదైన ట్రాకుల మీద పరిగెత్తినా ఆ రోజు జరిగింది మళ్లీ జరగలేదు మావయ్యా. ఆ రోజు నేను కర్రల దగ్గరకు వెళ్లలేదు. కర్రలే నా మీదికి వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, నన్ను పిలుస్తున్నట్టు. ఈ మాట ఎందరు కోచ్‌లతో చెప్పానో, ఒక్కరికీ అర్థం కాలేదు.

అందుకని వస్తున్నాను. అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటే నీ ఇల్లే కాబట్టి అక్కడే దిగుతాను. అప్పటి సర్టిఫికెట్ నీ ట్రంకు పెట్టెలో దాచమని ఇచ్చాను, తీసి ఉంచు. రాజేష్ బావ కూతురు షారోన్ కూడా హర్డిల్స్ పరిగెడుతోందని విన్నాను. దానికి చూపించాలి. డిసెంబర్‌కి చీరమేను చేపల కాలం అయిపోతుందని తెలుసు. అయినా ఒకసారి గోదారి వైపు చూసి అడుగు.

నీ మేనకోడలు,
తెరేసా

*

ఫరంపేట, యానాం,
14 అక్టోబర్ 2024

చిట్టి తల్లి తెరేసాకు మావయ్య ఆంథోనీ దీవెనలు. మరియమ్మ తల్లి నిన్నూ అల్లుణ్నీ చల్లగా చూడాలి.

నీ ఉత్తరం అందింది. రాజేష్ నాకు చెవి మిషను కొనిచ్చాడు. అది పెట్టుకుంటే కాకి అరిచినా కాకినాడ బస్సు వచ్చినట్టే ఉంటోంది. మనుషుల మాట మాత్రం వినపడదు. తీసి అలమరలో పెట్టాను, ప్రాణం హాయిగా ఉంది.

తూర్పుగాలి తిరిగింది. చీరమేను పడుతోంది. చిన్నప్పుడు నువ్వు మీ అమ్మ చీర పట్టుకుని మోకాటిలోతు నీళ్లలో నిలబడి, చేపలకంటే బురద ఎక్కువ పట్టేదానివి. ఇప్పుడు దాన్ని గ్లాసుతో కొలిచి అమ్ముతున్నారు, బంగారం కొట్టువాడిలాగా. నేను ఒక్క గ్లాసు తెచ్చుకుని మామిడికాయ వేసి వండుకున్నాను. మీ అత్త చేతి రుచి రాలేదు. రాదు కూడా.

నువ్వు డిసెంబర్‌లో వస్తానన్నావు. ఇల్లు బాగాలేదమ్మా. వెనక గది పైకప్పు కారుతోంది, మేస్త్రీ రేపు మాపు అంటున్నాడు. ఈస్టర్ వెళ్లాక రా. అప్పుడు ఎండలు ముదిరినా సాయంత్రం ఏటిగాలి బాగుంటుంది. నాలుగు రోజులు నింపాదిగా ఉండొచ్చు. ఈ స్పోర్ట్స్ డేలు, దండలు, మైకులు నీకు కొత్తా? ఏదో సెలవు దొరకలేదని చెప్పెయ్యి.

సర్టిఫికెట్ కోసం వెతికాను. ట్రంకులో కాగితాలకు చెదలు పట్టాయి. దొరకలేదు.

షారోన్ మాట అడిగావు. పిల్ల మెట్టకూరులో వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుతోంది. పొద్దున్నే లేచి పరిగెడుతుంది. సెప్టెంబర్‌లో పోటీ పెట్టారు. పదిహేను సెకన్ల మూడు. నీ రికార్డుకి ఒక్క పదో వంతు తక్కువైంది. రికార్డు దాటిన పిల్లకి సెలక్షను లేకుండా నేరుగా స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఇస్తారట. దాటకపోతే లేదు. ఈ ఏటితో దాని వయసు కూడా దాటిపోతుంది. రెండు రోజులు అన్నం తినలేదు. "తాతా, తెరేసా పిన్ని అసలు మనిషేనా?" అని అడిగింది.

కాలికి నూనె రాసుకో. ఒప్పందం నేనే తప్పాను, ఏమనుకోకు.

ఆంథోనీ

*

బిలాస్‌పూర్,
25 అక్టోబర్ 2024

మావయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పైకప్పు కారుతోందని రాశావు. తొంభై ఆరు తుఫానుకి మా ఇంటి పైకప్పే ఎగిరిపోతే పదకొండు మందిమి నీ రెండు గదుల్లో పడుకున్నాం. అత్త పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టి అందరికీ గంజి కాచింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఒక్కదాన్ని పడుకోవడానికి చోటు లేదా? నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పటి నుంచీ రాదు. ఆ చెదల సంగతి కూడా అంతే. ట్రంకులో కర్పూరం ఉండలు వేసేది అత్త, నువ్వు ఏడాదికోసారి మారుస్తావు. నాకు తెలియదా?

అసలు సంగతి నాకు తెలుసు. పదిహేనేళ్లుగా నువ్వు నోరు విప్పి అనలేదు, నేనూ అడగలేదు. అత్త చనిపోయినప్పుడు నేను రాలేదు. అదే కదా?

నేను పాటియాలా క్యాంపులో ఉన్నాను. కబురు వచ్చిన రోజు నాకు ఫైనల్. కోచ్ ఆ మాట నా దగ్గర దాచాడు. పరుగు అయ్యాక, పతకం మెడలో వేశాక చెప్పాడు. అప్పటికి సమాధి కూడా పూర్తయింది. ఆ మనిషితో తర్వాత ఏడాదిపాటు మాట్లాడలేదు. ఈ సంగతి నీకు అప్పుడే రాశాను. నువ్వు జవాబు రాయలేదు. ఏప్రిల్ మొదట్లో నేను వచ్చాను. నేను వస్తున్నానని తెలిసి నువ్వు వేటకి వెళ్లిపోయావు. ఐదు రోజులున్నాను. సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, నీ కోసం ఏటిగట్టు మీద కూర్చుని కూర్చుని రైలెక్కేశాను. తర్వాత రెండు మూడుసార్లు వచ్చినా నువ్వు నా మొహం చూసి మాట్లాడింది తక్కువ. చెవులు వినపడవు కాబట్టి అనుకునేదాన్ని. కాదు, మనసు మూసుకున్నావు.

నన్ను తిట్టు మావయ్యా. ఊళ్లోకి రావద్దని మాత్రం అనకు. వస్తానని హెడ్మిస్ట్రెస్ గారికి మాటిచ్చేశాను.

తెరేసా

*

ఫరంపేట,
6 నవంబర్ 2024

తెరేసమ్మా,

ఈ రోజు నవంబర్ ఆరు, తుఫాను రోజు. పొద్దున్నే చర్చిలో పోయినవాళ్ల కోసం పూజ చేయించాను. వచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను. ముందు ఒకటి రాసి చించేశాను, ఇది రెండోది.

మీ అత్త చావుకి నువ్వు రాలేదని నాకు కోపం లేదు. ఆ మాట ఇంకెప్పుడూ అనుకోకు. నువ్వు పరిగెడుతున్నావని తెలిస్తే అదే నిన్ను ఆపమనేది కాదు. వేటకి వెళ్లిపోయింది నిజమే. అది వేరే సంగతి.

ఒక్కటి అడుగుతాను. కారణం అడక్కుండా చెయ్యి. ఆ స్పోర్ట్స్ డేకి రాకు. ఆ రికార్డు పుస్తకంలోంచి తీసేయమని నువ్వే ఒక కాగితం రాసి పంపు. నువ్వు రాస్తే వాళ్లు కాదనరు. నీకు నాలుగు జాతీయ పతకాలున్నాయి, ఈ ఒక్కటీ లేకపోతే తగ్గేదేమీ లేదు. నేను నీ దగ్గర ఇంతవరకూ ఏమీ అడగలేదు. ఇదొక్కటీ అడుగుతున్నాను.

మావయ్య

*

బిలాస్‌పూర్,
18 నవంబర్ 2024

ఆంథోనీ గారికి,

మీరు అడిగింది అర్థమైంది. అర్థం కావడానికి నాకు వారం పట్టింది, నమ్మబుద్ధి కాక.

మీ మనవరాలికి ఒక్క పదో వంతు తక్కువైంది. నా పేరు తీసేస్తే దానికి సీటు వస్తుంది. ఈ ముక్క సూటిగా రాసి ఉంటే నేను ఏమనేదాన్నో తెలియదు, కానీ ఇంత బాధపడేదాన్ని కాదు. ఇల్లు కారుతోందని, చెదలు పట్టాయని, కారణం అడగొద్దని, ఇన్ని మలుపులు ఎందుకు? రాజేష్ బావ రాయించాడా, మీ అంతట మీరే రాశారా?

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. పదిహేను మూడు మంచి పరుగు. ఆ వయసులో నేనూ రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. అది దాటాలి. దాటడానికి దానికింకా డిసెంబర్ పోటీ ఉంది. ఎదురుగా ఉన్న కర్రని దాటడం నేర్పాలి గానీ, కర్రని తీసి పక్కన పెట్టడం కాదు. నాకు ఎవరూ తీసి పెట్టలేదు.

ఇరవయ్యో తారీకున వస్తున్నాను. ఏటి ఒడ్డున లాడ్జిలో గది తీసుకున్నాను. మీ ఇంటికి రాను.

తెరేసా

*

ఫరంపేట, యానాం,
28 నవంబర్ 2024

అమ్మా తెరేసా,

నీ ఉత్తరంలో "మీరు" అని చదివాక, ఇంక దాచి ఏం మిగుల్చుకుంటానని అనిపించింది. ఇది రాజేష్‌కి తెలియదు, షారోన్‌కి తెలియదు. మీ అత్తకి తెలుసు. ఫాదర్లకి తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి ఈస్టర్ ముందూ పాపసంకీర్తనంలో ఇదే చెబుతున్నాను. ప్రతి ఫాదరూ "వెళ్లి ఆ అమ్మాయితో చెప్పు నాయనా" అనే అన్నాడు. ఆరుగురు ఫాదర్లు మారారు. నేను మారలేదు.

నీకు ఎవరూ కర్రని తీసి పెట్టలేదని రాశావు. నేను పెట్టానమ్మా. తీయలేదు గానీ, జరిపాను.

ఆ తాడు సంగతి నీకు తెలిసిందే. ఉమామహేశ్వరం మాస్టారి దగ్గర ముప్పై మీటర్ల టేపు ఒకటుండేది. దాన్ని నాలుగుసార్లు మార్చి మార్చి వేస్తే వంద మీటర్లు ఒక్కోసారి ఒక్కో చోట తేలేది. వల కొలిచే పద్ధతిలో నేనే చెప్పాను, ఒకే తాడు తీసుకుని ముడులు వేద్దామండీ, ఏటేటా అదే పరుద్దాం అని. మే నెల ఎండలో మా నాన్న వల పైతాడు పరిచి, టేపు పెట్టి, కర్ర కర్రకీ ఒక ఎర్రగుడ్డ కట్టాం. ఒక కొస ప్రహరీ గోడకి కొట్టిన మేకుకి తగిలిస్తే రెండో కొస సరిగ్గా కుళాయి దిమ్మ దగ్గరకి వచ్చేది. నాలుగేళ్లు అలాగే వచ్చింది.

తొంభై ఆరు తుఫానుకి బోటు తాళ్లన్నీ కొట్టుకుపోయాయి. మిగిలింది ఇంట్లో ఉన్న ఆ కొలత తాడు ఒక్కటే. అప్పటి నుంచి బోటుని దాంతోనే కట్టాను. పోటీకి ముందు సాయంత్రం ముసురు పట్టింది. తెల్లవారుజామున తాడు విప్పుకుని, నీళ్లు కారుతుండగానే భుజాన వేసుకుని గ్రౌండుకి వచ్చాను.

తడిస్తే జనపతాడు బిగుసుకుని కురచైపోతుందని వలవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా పరిచేదాకా నాకు తట్టలేదు, ఇది నిజం. మేకుకి తగిలించి లాక్కుంటూ వెళ్తే కొస కుళాయి దిమ్మకి రెండున్నర అంగల దూరంలో ఆగిపోయింది. అక్కడే నిలబడిపోయాను. లాగాను. రాలేదు. రెండు మీటర్లు పైనే ఉంటుంది.

అప్పుడు చెప్పాల్సింది. టేపు తెచ్చి మళ్లీ వేస్తే గంట పట్టేది, అంతే. కానీ ముందురోజే మీ అమ్మ నాతో ఒక మాట అంది. మీ నాన్న పడవ పోయింది, కొత్త సంవత్సరం నుంచి నిన్ను బడి మాన్పించి రొయ్యల షెడ్డుకి పంపుతామంది. ఐసులో చేతులు పెట్టి పొద్దస్తమానం రొయ్యలు ఒలిచే ఆడపిల్లల వేళ్లు ఎలా ఉంటాయో నీకు తెలుసు. నాలుగు ఊళ్ల టైములు చూసి ఒక్క పిల్లకే హాస్టల్ సీటు ఇస్తారని మాస్టారు చెప్పారు. నువ్వు గోడ పక్కన కాళ్లు విదుల్చుకుంటూ నన్ను చూసి నవ్వావు. తుఫాను తర్వాత నువ్వు నవ్వడం అదే మొదలు.

మాస్టారు దూరం నుంచి కేకేశారు. "ఏం ఆంథోనీ, అయ్యిందా?"

"అయ్యిందండి" అన్నాను.

అంతేనమ్మా నేను చేసింది. ఆ ఒక్క మాట. తర్వాత సున్నం చల్లాను, కర్రలు పెట్టాను. నువ్వు పరిగెత్తావు. అందరూ ఎగిరారు, నేనూ ఎగిరాను. ఏడ్చాను కూడా. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని మాస్టారు నా వీపు తట్టారు. సాయంత్రం తాడు చుట్టడానికి మీ అత్త చేతికిస్తే దాని తడి చూసింది, నా మొహం చూసింది. ఆ తాడు మళ్లీ గ్రౌండు మీద పరవలేదు. మరుసటి ఏడు బడివాళ్లు పొడుగు టేపు కొన్నారు.

చనిపోయే ముందు మీ అత్త నా చెయ్యి పట్టుకుని "ఇంకెన్నాళ్లు మోస్తావయ్యా, ఆ పిల్లతో సెప్పెయ్" అంది. సమాధికి నువ్వు వస్తావు, అక్కడే చెబుతానని మాటిచ్చాను. నువ్వు రాలేదు. దేవుడు నన్ను క్షమించాలి, నువ్వు రానందుకు నాకు ఊపిరి తిరిగినట్టైంది. ఏప్రిల్లో వస్తున్నావని తెలిసి బోటెక్కి పారిపోయాను. నీ తప్పనుకుని నువ్వు పదిహేనేళ్లు బాధపడ్డావు. అది కూడా నా ఖాతాలోదే.

ఇప్పుడు షారోన్. మొన్న సెప్టెంబర్‌లో వాళ్లు టేపు వేస్తుంటే నేను వెళ్లి రెండోసారి వేయించాను. అది పరిగెత్తింది నిండు వంద. నేను దొంగతనంగా ఇచ్చిన రెండు మీటర్ల ముందు నా మనవరాలు ఓడిపోయింది. చెబితే మనవరాలి కోసం కథ అల్లాడంటారు, నువ్వే అన్నావు. చెప్పకపోతే దాని మొహం చూడలేను.

సర్టిఫికెట్‌కి చెదలు పట్టలేదు. బైబిల్లో పెట్టి ఉంచాను. తాడు కూడా ట్రంకులోనే ఉంది.

నువ్వు లాడ్జిలోనే దిగు. నాకు నోరు లేదు.

ఆంథోనీ

*

బిలాస్‌పూర్,
11 డిసెంబర్ 2024

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మొదటి రెండు రోజులు కోపంతోనే ఉన్నాను. కోపం లేదని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేస్తుంటే భాస్కరరావు అడిగాడు. ఉత్తరం చేతికిచ్చాను. చదివి, బీరువా మీది అట్టపెట్టె మీంచి ఇస్త్రీ బట్టలు తీసి పక్కన పెట్టాడు. ఆ మనిషికి ఎప్పుడు ఏం చేయాలో ఒక్కోసారి బాగా తెలుస్తుంది.

ముందుగా లెక్క చెబుతాను. ఆ వేగంతో రెండు మీటర్లంటే సెకనులో మూడు పదో వంతులు. నేను నిండు వంద పరిగెత్తి ఉంటే పదిహేను ఐదు వచ్చేది. షారోన్ పదిహేను మూడు. అంటే సెప్టెంబర్‌లోనే అది నన్ను దాటేసింది.

ఇంకో లెక్క కూడా ఉంది, నువ్వు రాయనిది. ఆ ఏడు హాస్టల్లో వార్డెన్ గోడ మీద జాబితా అంటించింది. పైన యానాం, పదిహేను రెండు. కింద కారైకాల్, పదిహేను నాలుగు. ఆ పిల్ల పేరు చదివాను గానీ ఇప్పుడు గుర్తులేదు. సీటు తనది. ఆ మంచం మీద నేను ఆరేళ్లు పడుకున్నాను. నువ్వు నా చేతులు ఐసులోంచి తీశావు, ఎవరి చేతులు ఎందులో పడ్డాయో మనిద్దరికీ తెలియదు. ఇక మీదట ఇది ఒక్కడివే మోయకు, సగం నాది.

మొన్న ఆదివారం నా దగ్గర నేర్చుకునే ఎనిమిది మంది అమ్మాయిల్ని పిలిచి, హర్డిల్స్‌ని జానెడు జానెడు దగ్గరకి జరిపించాను. ఎందుకో చెప్పలేదు. ఆరుగురు మూడో కర్ర దగ్గరే తట్టుకున్నారు. అడుగు పట్టే చోటు లేక. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు యానాంలో నా పక్కన పరిగెత్తినవాళ్లు ముగ్గురు పడిపోయారు. బురద వల్ల అనుకున్నాం. నేను మాత్రం తెలియకుండానే అడుగు కుదించుకున్నాను. కర్రలు నా మీదికి వచ్చాయని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకు తిరిగాను కదా. నిజంగానే వచ్చాయన్నమాట. పెద్ద పోటీల్లో ఆఖరి కర్ర దగ్గర ఎన్నోసార్లు ఒక్క క్షణం ఆగేదాన్ని, అది వస్తుందేమోనని. రాదు. ఆసియా పోటీల్లో బంగారం అక్కడే పోయింది. కోచ్ ఎప్పుడూ అడిగేవాడు, "దేని కోసం ఆగుతావు నువ్వు?" అని. ఇప్పుడు చెప్పగలను. నీ తాడు కోసం.

ఆ మాట తలచుకుని నవ్వొచ్చింది, తర్వాత బాగా ఏడ్చాను. అక్కడితో కోపం సగం పోయింది.

కాగితం రాసేశాను. కొలతలో రెండు మీటర్లు తక్కువ ఉందని ఇప్పుడు తెలిసిందని, నా పేరు తీసేయమని రాసి సంతకం పెట్టి పంపాను. తాడు ఎందుకు తడిసిందో రాశాను. "అయ్యిందండి" అన్న మాట రాయలేదు. ఆ ఉదయం గ్రౌండులో ఉన్న మాస్టారూ లేరు, అత్తా లేదు. ఆ మాట నీకూ నాకూ మధ్య ఉంటుంది. నిన్న క్రీడాశాఖ నుంచి ఫోన్ వచ్చింది. రికార్డు గల మనిషే రాసిచ్చింది కాబట్టి కొట్టేశామన్నారు. ఇప్పుడు పుస్తకంలో పదిహేను మూడు, షారోన్. హాస్టల్ కాగితాలు బడికి వస్తాయి. సాయిదివ్య గారికి కూడా చెప్పాను. రికార్డు లేని మనిషి ముఖ్య అతిథిగా పనికిరాదేమోనండీ అంటే, మీ చేత్తోనే ఆ పిల్లకి కప్పు ఇవ్వాలి అన్నారు. షారోన్‌తో నువ్వే చెప్పు. పిన్ని మనిషేనని కూడా చెప్పు.

లాడ్జి గది వద్దని చెప్పేశాను. ఇరవై ఉదయం ఇంటికి వస్తాను. పైకప్పు కారితే డేగిసా పెట్టుకుందాం. సర్టిఫికెట్ బైబిల్లోనే ఉండనీ.

ఒక పని మాత్రం చెయ్యాలి. వచ్చేముందు రోజు ట్రంకులోంచి ఆ తాడు తీసి రాత్రంతా తొట్టిలో నానబెట్టు. ఎర్రగుడ్డలు ఊడిపోయి ఉంటే అత్త చీర ఇంకోటి చూడు. స్పోర్ట్స్ డే మర్నాడు ఆదివారం, పూజ అయ్యాక గ్రౌండులో ఎవరూ ఉండరు. నువ్వు మేకుకి తగిలించి లాగు. సున్నం నేను చల్లుతాను. నాకు నలభై మూడేళ్లు, మోకాలిలో ఇనప మేకులున్నాయి, నా అడుగు కూడా ఆ తాడులాగే కురచైపోయింది. పది వద్దు, మూడు కర్రలు చాలు.

గోడ దగ్గర నిలబడి "అయ్యిందా మావయ్యా?" అని కేకేస్తాను. నీకు వినపడదు, నా పెదాలు చూడు. చూసి, అప్పుడన్నట్టే అను.

నీ
తెరేసా